కుండీలోని మొక్కకు నీరు

ఎండలు ముదిరిన దినములలో, సాయంకాలమగుసరికి, మా కలువాయి ముంగిళ్ళలో చెంబుల చప్పుడు వినవచ్చును. మల్లెకు కొంత, తులసికి కొంత, కరివేపకు కొంత నీరు పోయుట ఇంటింట నున్నదే. సోమశిల జలాశయము ఎంతో దూరము లేకున్నను కుండీలోని మొక్కకు పెన్న నీరు తానై రాదు. మనము పోసినదే దానికి ఆధారము. కావున ఎపుడు పోయవలెనో, ఎంత పోయవలెనో తెలిసికొనుట అవసరము.

ఒక వేసవిలో మేమొక మల్లెను పోగొట్టుకొంటిమి. ఆకులు వ్రాలగా దప్పిక యనుకొని నీరు పోసితిమి. మరింత వ్రాలెను, మరింత పోసితిమి. తుదకు కుండీని బోర్లించి చూడగా వేళ్ళు నల్లబడి కుళ్ళు కంపు కొట్టుచుండెను.

వేరు కూడ ఊపిరి పీల్చును. మట్టిరేణువుల నడుమ నుండు సందులలో దానికి గాలి దొరకును. నీరు పోసినపుడు ఆ సందులు నిండును. నీరు క్రిందికి జారగా పైనుండి క్రొత్త గాలి చొచ్చును. ఎడతెగక తడి నిలిచినచో ప్రాణవాయువు అందక వేరు చచ్చును. కుళ్ళు తెగులు పట్టును. చచ్చిన వేరు నీటిని పీల్చలేదు. అందుచేతనే నీరు చాలని మొక్కయు, నీరు హెచ్చయిన మొక్కయు ఒకే తీరున వ్రాలును. ఆకును చూచి నిర్ణయింపరాదు. మట్టిని తాకి చూడవలెను.

వ్రేలిని రెండంగుళముల లోతు గ్రుచ్చినపుడు తడి తగిలినచో ఆగవలెను. పొడిగా నున్నచో అడుగు రంధ్రమునుండి కారువరకు నెమ్మదిగా పోయవలెను. దినమున కింత యని చిలుకరించినచో పైమట్టి మాత్రమే తడిసి, వేళ్ళు పైననే అల్లుకొని, ఎండకు త్వరగా వాడును. నిండుగా పోసి వేచియున్నచో అవి లోతునకు దిగును.

కుండీ నెత్తి బరువు చూచుటయు మంచి యుపాయము. ఇంగ్లండులో స్టీఫెన్ హేల్స్ అను క్రైస్తవ పురోహితుడు ప్రొద్దుతిరుగుడు మొక్కను కుండీతో సహా ఉదయసాయంకాలములందు తూచి, అది విడిచిన నీటిని లెక్కించి, 1727లో గ్రంథముగా ప్రకటించెను. పగటి తరుగు రాత్రికంటె ఎంతయో హెచ్చని తేలెను. కనుక ఉదయమే నీరు పోయుట మేలు. మధ్యాహ్నము వ్రాలినను, మట్టి తడిగా నున్నచో సాయంకాలమువరకు వేచి చూడవలెను.

నల్లమట్టి ఎండి కుండీ అంచును వీడినచో, పోసిన నీరు ప్రక్కలనుండి జారిపోయి నడిమి వేళ్ళు పొడిగానే యుండును. అట్టి కుండీని అరగంటసేపు నీటి తొట్టిలో నుంచవలెను. అడుగున గులకరాళ్ళు పరచినచో నీరు బాగుగా పోవునను తలంపు సరికాదు. నీరు రాళ్ళపైని మట్టిలోనే నిలిచి వేళ్ళకు మరింత చేరువ యగును. రంధ్రముపై ఒక పెంకు చాలును. ఉప్పునీరు పోయుచోట మట్టిపై తెల్లని పొర కట్టును. అప్పుడప్పుడు మంచినీటిని అడుగునుండి ధారాళముగా కారునట్లు పోసినచో ఆ లవణములు కొట్టుకొనిపోవును. క్రింది పళ్ళెములో నిలిచిన నీటిని పారబోయవలెను. అది వేళ్ళకు చేటు, దోమలకు నెలవు. మట్టికుండీ ప్రక్కలనుండి కూడ తడి ఆరును. ప్లాస్టిక్ కుండీకి ఆ గుణము లేదు గనుక మరికొన్ని దినములు ఆగవలెను.

అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనముల వానలు కురియునపుడు చెంబుతో పని యుండదు. కుండీలను ఇటుకలపై నెత్తి, అడుగు రంధ్రములు మూసికొనకుండ చూచుకొనిన చాలును.