కాన్సర్ రోగికి ఏం పెట్టాలె?



మన ఇండ్లల్ల ఎవరికి జబ్బు చేసినా మొదట అడిగే మాట “పథ్యం ఏమిటి?” అని. కామెర్లకు, జ్వరానికి అలవాటైన ఆ పద్ధతినే కాన్సర్ రోగికీ పెడుతున్నాం. పప్పు తింటే పుండు చీము పడుతుందని పప్పు మాన్పిస్తాం. వేడి అని గుడ్డు, నీసు మాన్పిస్తాం. చలువ అని పెరుగు మాన్పిస్తాం. ఇక మిగిలేది గంజి, చారు మెతుకులు. చికిత్స జరుగుతున్నన్ని రోజులు డాక్టరు చెప్పని పథ్యం పెట్టవద్దని నేను గట్టిగా చెబుతాను.

కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నుండి చాలామంది హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని మెహదీ నవాజ్ జంగ్ కాన్సర్ ఆసుపత్రికి పోతారు. 1955లో మొదలైన సర్కారు దవాఖాన అది. నోటి కాన్సర్‌కు కరెంటు పెట్టడం, అంటే రేడియేషన్, మామూలుగా వారానికి 5 రోజుల చొప్పున ఆరేడు వారాలు సాగుతుంది. తల కదలకుండా ముఖానికి అతుక్కునేటట్టు ఒక తొడుగు చేసి బిగిస్తారు. మనిషి బాగా చిక్కిపోతే ఆ తొడుగు వదులవుతుంది. కిరణాలు పడే చోటు తప్పకుండా మళ్లీ కొలతలు తీయవలసి రావచ్చు. తిండి కాన్సర్‌ను మాన్పదు, ఆ పని మందులది, కరెంటుది. వాటిని చివరిదాకా తట్టుకునే బలం మాత్రం వంటింట్లోంచి రావాలె.

50 కిలోల మనిషికి రోజుకు 50 నుండి 75 గ్రాముల మాంసకృత్తులు కావాలి. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు ఉంటాయి. గిన్నెడు పలుచని గంజిలో ఒకటి రెండు గ్రాములకు మించవు. షుగరు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టరును అడిగే తినాలి.

నోరు పూసి మింగలేని వాళ్లకు మన జొన్న గటకే మంచిది. మెత్తగా ఉడికించి, పాలతో జారుగా కలిపి, చెంచాడు నెయ్యి వేసి, గోరువెచ్చగా ఇవ్వండి. పెసరపప్పు మెదిపి కలిపినా సరే, బాగా ఉడికిన గుడ్డు చిదిమి పెరుగన్నంలో వేసినా సరే. కారం, చింతపండు, నిమ్మ పుండును మండిస్తాయి. తొక్కు లేనిది గటక దిగుతదా అంటారు. కష్టమే, కానీ ఆ కొన్ని వారాలే గదా! లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో చెంచాడు ఉప్పు, చెంచాడు వంట సోడా కలిపి, తినే ముందు, తిన్న తరువాత పుక్కిలించి ఉమ్మేయమనండి.

ఇంజక్షన్ల మందు ఎక్కించిన రోజుల్లో పోపు వాసనకే కడుపు తిప్పుతుంది. రోగి పడుకున్న చోటికి పొగ రాకుండా వండండి, చల్లారినంక పెట్టండి. “ఇంకొక్క ముద్ద” అని బలవంతపెట్టే కన్నా రెండు గంటలకోసారి గుప్పెడు పెట్టడం మేలు. పేలాలు, బిస్కట్ల వంటి పొడి తిండి కొందరికి ఇముడుతుంది. వాంతులున్న పూట ఆమెకు బాగా ఇష్టమైన వంట చేసి పెట్టకండి. ఆ వాంతికి, ఆ రుచికి ముడిపడి, తరువాత ఆ వంటంటేనే ఏవగింపు పుడుతుంది.

విరేచనాలైతే సగ్గుబియ్యం జావ, అరటిపండు, పలుచని సల్ల ఇవ్వండి. ఓ.ఆర్.ఎస్. పొట్లం దొరకకపోతే లీటరు కాచిన నీళ్లకు 6 చదును చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చక్కెర మానితే గడ్డ కరుగుతుందని కొందరు దాన్నీ మాన్పిస్తున్నారు. అట్లా కరగదు, మనిషే కరిగిపోతాడు.

ఈ మందులకు రక్తంలో తెల్లకణాలు తగ్గుతాయి. అందుకని చద్దన్నం, కాచని పాలు, పచ్చిగుడ్డు వద్దు. ఏ పూటది ఆ పూట వండాలె. జ్వరం 100.4 డిగ్రీలకు చేరిందంటే కషాయం కాచుకుంటూ కూర్చోవద్దు, తెల్లారేదాకా ఆగవద్దు, ఆ రాత్రే దవాఖానకు తీసుకపోవాలె.