శైవలాలలో కణకవచం - పెరుగుదల

శైవలాల కణాలను చుట్టి ఉండే గట్టి పొరను కణకవచం అంటారు. కణం ఎంత వేగంగా, ఏ దిశలో పెరుగుతుందనేది చాలావరకు ఈ కవచపు యాంత్రిక ధర్మాలపై, అనగా దాని గట్టిదనం, సాగే గుణం, మందం, అందలి తంతువుల అమరికపై ఆధారపడి ఉంటుంది. ఈ విషయమై ఎక్కువగా పరిశోధించినవి కారా, నైటెల్లా అనే మంచినీటి ఆకుపచ్చ శైవలాలు. వీటిలో రెండు కణుపుల నడుమ ఉండే ఒకే కణం కొన్ని సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. అందులోనికి సన్నని గాజుగొట్టం గుచ్చి పీడనాన్ని నేరుగా కొలవవచ్చు. మన చెరువులలో, వరి మడులలో కూడా కారా పెరుగుతుంది.

పీడనం, సాగుదల

రిక్తికలో కరిగి ఉన్న లవణాల వలన ద్రవాభిసరణ ద్వారా నీరు కణంలోనికి చేరి, కవచాన్ని లోపలి నుండి నెడుతుంది. కారాలో ఈ స్ఫీత పీడనం సుమారు 5 అట్మాస్ఫియర్లు; కారు టైరులోని గాలి పీడనానికి రెట్టింపు కంటె ఎక్కువ. పీడనమే పెరుగుదలకు కారణమని ఒక్క వాక్యంతో ముగించడం పాఠాలలో పరిపాటి. అది చాలదు. పీడనం తీసివేయగానే కవచం పూర్వపు పొడవుకు వస్తే అది స్థితిస్థాపకత మాత్రమే. తిరిగి రాని సాగుదలే పెరుగుదల. 1965లో జేమ్స్ లాక్‌హార్ట్ దీనిని సమీకరణంగా వ్రాశాడు:

పెరుగుదల రేటు = కవచపు సాగుదల గుణకం × (స్ఫీత పీడనం − అవధి పీడనం)

అవధి దాటనిదే కణం పెరగదు. అయితే ఈ అవధి స్థిరమైనది కాదు. 1971లో పాల్ గ్రీన్, ఆయన సహచరులు నైటెల్లాలో పీడనాన్ని కొద్దిగా తగ్గించగా పెరుగుదల వెంటనే ఆగి, పీడనం పూర్తిగా కోలుకోకముందే మళ్ళీ మొదలయింది. అనగా సజీవ కణం తన కవచాన్ని తానే సడలించుకోగలదు.

పెరుగుదల దిశ

స్తూపాకార పాత్రలో పీడనం ఉన్నపుడు గోడలో చుట్టుకొలత వెంబడి కలిగే ప్రతిబలం, పొడవు వెంబడి కలిగే ప్రతిబలానికి రెట్టింపు. ఆ లెక్కన నైటెల్లా కణం లావెక్కాలి. కాని పొడవుగా సాగుతుంది. కవచపు లోపలి పొరలలో సెల్యులోజ్ సూక్ష్మతంతువులు, పీపాకు బిగించిన ఇనుప పట్టీల వలె, అడ్డంగా చుట్టుకొని ఉండడమే ఇందుకు కారణం. 1962లో గ్రీన్ ఈ కణాలకు కోల్చిసిన్ ఇవ్వగా తంతువుల అమరిక చెదరి కణాలు గుండ్రంగా ఉబ్బాయి. కోల్చిసిన్ కణవిభజనలో కండె తంతువులను చెదరగొడుతుంది కనుక, కవచం సమీపంలోనూ అటువంటి నిర్మాణాలు ఉండాలని ఆయన ఊహించాడు. మరుసటి సంవత్సరమే లెడ్‌బెటర్, పోర్టర్ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో మొక్కల కణాలలో సూక్ష్మనాళికలను చూపారు. కంటికి కనబడని దానిని కవచపు ప్రవర్తనను బట్టి ముందే ఊహించడం విశేషమే.

పెక్టిన్, కాల్షియం

కవచంలోని పెక్టిన్ గొలుసులను కాల్షియం అయానులు ఒకదానితో ఒకటి కట్టి ఉంచుతాయి. కారాపై ప్రోసియస్, బోయర్ 2000ల దశకంలో జరిపిన ప్రయోగాల ప్రకారం, కణం క్రొత్తగా పంపిన పెక్టిన్, బిగుతుగా సాగి ఉన్న పాత బంధాల నుండి కాల్షియంను లాగుకొంటుంది. ఆ బంధాలు వీడి కవచం సాగుతుంది. కాల్షియం పొందిన క్రొత్త పెక్టిన్ కవచంలో చేరుతుంది కనుక కవచం పలుచబడి చిట్లిపోదు.

గోధుమ శైవలాలు

సముద్రంలో పెరిగే ఎక్టోకార్పస్ పోగులు కొన వద్ద మాత్రమే సాగుతాయి. కొన బాగా వంపు తిరిగి ఉండడం వలన అక్కడ ప్రతిబలం తక్కువగా ఉండాలి. 2019లో ప్రచురించిన పరిశోధనలో కొన వద్ద కవచం మిక్కిలి పలుచగా ఉండి, క్రిందికి పోనుపోను మందమవుతున్నట్లు తేలింది. పలుచదనం వలన కొనలో ప్రతిబలం పెరిగి, కవచపు పదార్థం అంతటా ఒకే గుణం కలిగి ఉన్నప్పటికీ, సాగుదల అక్కడే జరుగుతుంది.