జేబు చిల్లు పడకుండా అండమాన్!

1979లో 'అండమాన్ అమ్మాయి' చూసి, "ఒక్కసారైనా అక్కడికి పోవాలి గురూ!" అనుకున్న కుర్రకారు ఎందరో! విమానం టిక్కెట్టు ధర వినగానే ఆ ముచ్చట కాస్తా చప్పబడిపోయేది. దానికి విరుగుడు ఓడ ప్రయాణం.

చెన్నై, విశాఖ, కోల్‌కతా రేవుల నుంచి శ్రీ విజయపురానికి (2024 దాకా పోర్ట్ బ్లెయిర్) ఓడలు వెళ్తుంటాయి. తేదీలు ముందే వాకబు చేసుకోండి. బంక్ క్లాసులో ఖర్చు తక్కువ, కాకపోతే రెండు మూడు రోజులు సముద్రం మీదే! కడుపులో తిప్పితే మాత్రం మమ్మల్ని తిట్టుకోకండేం!

అక్కణ్ణించి ప్రభుత్వ పడవలో లాంగ్ ఐలాండ్ చేరుకోండి. దట్టమైన అడవిలో నడిచి వెళ్తే లాలాజీ బే... తెల్లటి ఇసుక, పచ్చటి నీళ్లు, వెనకాల ఆకాశాన్నంటే చెట్లు! మొసళ్ల హెచ్చరిక బోర్డు కనిపించినచోట మాత్రం హీరో వేషాలు వద్దు.

బస్సులో రంగత్ దాకా పోయి పడవెక్కే దారి కూడా ఉంది. కానీ ఆ రోడ్డు జారవాల అడవిని చీల్చుకుంటూ పోతుంది. బయటి జబ్బుల్ని తట్టుకునే శక్తి వాళ్లకి తక్కువ. 1999లో తట్టు సోకి ఎంతోమంది జబ్బుపడ్డారు. వాళ్లని ఫొటో తీయడం, తినుబండారాలు ఇవ్వడం నేరం కూడా.

అందుకే మా ఓటు పడవకే! ఒకపూట ఆలస్యమైతేనేం? పిలవని పేరంటానికి వెళ్లి ఇంటివాళ్లకి జబ్బు అంటించి రావడం ఏం మర్యాద చెప్పండి?