రిజిస్టర్‌లో ‘క్లోజ్’ అని రాస్తే పనైపోదు

పాశమైలారంలోని ఒక మందుల కంపెనీలో నేను షిఫ్ట్ ఇన్‌చార్జిని. మా దగ్గర ఏ లోపం బయటపడినా ‘కాపా’ రాస్తాం. అంటే తప్పును ఎలా సరిదిద్దాలో, మళ్లీ జరగకుండా ఎలా చూడాలో చెప్పే ప్రణాళిక. రాసేటప్పుడు అందరి ప్రణాళికలూ బాగానే ఉంటాయి. నాయకుడెవరో తేలేది ఆ తర్వాతే.

పంపు సీల్ దగ్గర సాల్వెంట్ కారుతోందనుకోండి. ‘సీల్ మార్చాలి, బాధ్యత: మెయింటెనెన్స్’ అని రాస్తే ఆ పని ఎవరిదీ కాదు. అందుకే విభాగం పేరు నేను ఒప్పుకోను. చేసే మనిషి పేరు, తేదీ, సరిచూసే ఇంకో మనిషి పేరు ఉండాలి. సీల్ మార్చిన రోజే ‘క్లోజ్’ అని రాయనివ్వను. నాలుగు బ్యాచ్‌లు నడిచాక టార్చి వేసి చూస్తాను. తడి కనబడకపోతేనే సంతకం.

పని చేయడం వేరు, ఫలితం రావడం వేరు. ఇది మా పాశమైలారం ఉన్న పటాన్‌చెరు ప్రాంతానికి బాగా తెలుసు. ఇక్కడి కాలుష్యంపై 1990లో సుప్రీంకోర్టుకెక్కిన కేసు జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు చేరి, 2017లో గానీ ముగియలేదు. ఈలోగా వ్యర్థజలాల శుద్ధికి ఉమ్మడి ప్లాంటు వచ్చింది. సమస్య తీరినట్టే కనిపించింది. కానీ 2007లో స్వీడన్ శాస్త్రవేత్త లార్సన్ బృందం ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఆ ప్లాంటు వదిలిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ కనిపించింది. ఆ మాత్ర వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికన్నా ఎక్కువ!

పటాన్‌చెరులో వైద్యం చేసిన డాక్టర్ అల్లాని కిషన్‌రావు దశాబ్దాలపాటు ఈ సమస్యను వదల్లేదు. రోగుల బాధ చూసి మొదలుపెట్టిన పోరాటాన్ని, కోర్టు ఆదేశాలు వచ్చాక కూడా కొనసాగించారు. నా దృష్టిలో ఈ ప్రాంతం చూసిన గొప్ప నాయకుడు ఆయనే.

ఆ పట్టుదల ఇప్పటికీ అవసరమే. 2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక ఫ్యాక్టరీలో జరిగిన పేలుడులో 40 మందికి పైగా కార్మికులు చనిపోయారు. ప్రతి ప్రమాదం తర్వాతా సిఫార్సులు వస్తాయి. ఏడాది తర్వాత తిరిగొచ్చి ‘అమలైందా, చూపించండి’ అని అడిగేవాళ్లు మాకు కావాలి.

మీది ఫ్యాక్టరీ కావచ్చు, అపార్ట్‌మెంట్ సంఘం కావచ్చు. ఈసారి మీటింగ్ నుంచి లేచే ముందు మూడే రాయండి: ఎవరు చేస్తారు, ఎప్పటికి చేస్తారు, ఎవరు వెళ్లి చూస్తారు. ఆ మూడో పేరు మీదే అయితే మరీ మంచిది.