చెంచా కాడపై లెక్కల పాఠం

“బొమ్మలు గీస్తూ కూర్చుంటే లెక్కలెప్పుడు వస్తాయి మాస్టారూ?” అని తల్లిదండ్రులు అడుగుతుంటారు. అయితే లెక్కలు రావడానికే బొమ్మ గీయించవచ్చునన్న సంగతి చాలామందికి తోచదు.

మన ఉదయగిరినే చూడండి. ఇక్కడి ముస్లిం కారీగర్లు కొయ్యతో చెక్కే చెంచాలు, ఫోర్కులు భౌగోళిక గుర్తింపు పొందాయి. చెంచా కాడపై నక్షీలో తీగ కుడివైపు ఎలా వంగితే ఎడమవైపూ అలాగే వంగుతుంది. పాఠ్యపుస్తకం సౌష్ఠవం అని చెప్పేది దీన్నే. కారీగరు ఇంటి పిల్లవాడికి ఈ పాఠం సగం తెలిసే ఉంటుంది.

వృత్తలేఖినితో ఒక వృత్తం గీయించండి. దాని కాళ్ల ఎడం మార్చకుండా వృత్తం అంచు మీద వరసగా గుర్తులు పెట్టించండి. సరిగ్గా ఆరు పడతాయి. ఒక్కొక్క గుర్తు దగ్గర ముల్లు ఉంచి చాపం గీస్తే ఆరు రేకుల పువ్వు వస్తుంది. మసీదు జాలీలలోని ఎన్నో నమూనాలకు ఇదే పునాది. రెండు రేకులకు రంగు వేస్తే మొత్తంలో మూడో వంతు. భిన్నం కంటికి కనబడుతుంది.

ఆత్మకూరు పిల్లల చేత పెన్నా పటం గీయించండి. సోమశిల, సంగం, నెల్లూరు, ఆపై సముద్రం. పడమర, తూర్పు, ఎగువ, దిగువ అన్నీ ఆ ఒక్క గీతలో ఉన్నాయి.

అన్నిటికంటే ముఖ్యం భాష. మన పిల్లలు ఎందరికో ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు. జవాబు తెలిసినా మాట దొరకక మౌనంగా ఉండే బిడ్డను మొద్దు అనేస్తాము. అలా అనిపించుకున్నవాడు బడికి దూరమవుతాడు. మొక్క బొమ్మ గీయించి పత్తా-ఆకు, జడ్-వేరు అని పక్కపక్కన రాయిస్తే వాడికి నోరు వస్తుంది. ప్రాణుల చిత్రాల విషయంలో సంకోచమున్నవారికి ఆకులు, పూలు, పటాలు, రేఖలు చాలు.

ఇది కొత్త ఆలోచన కాదు. హైదరాబాదులో పుట్టిన డాక్టర్ జాకిర్ హుసేన్ అధ్యక్షతన 1937లో ఏర్పడిన వార్ధా విద్యా కమిటీ, చేతిపనిని కేంద్రంగా చేసుకుని చదువు చెప్పాలని సిఫారసు చేసింది. 2020 జాతీయ విద్యా విధానం కూడా కళలను పాఠాలతో కలపమంటోంది.

అయితే బొమ్మ గీయించి వదిలేస్తే పాఠం కాదు. గీసినదాన్ని లెక్కించాలి, కొలవాలి, నోటితో చెప్పాలి, రాయాలి. సాయంత్రం బిడ్డ బొమ్మ తెచ్చి చూపినప్పుడు “ఇదేనా చదువు?” అనకండి. “ఇందులో ఎన్ని భాగాలున్నాయి బేటా?” అని అడగండి.