అద్దె ఇంట్లో సముద్రం

ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు. పాత ఇల్లు పడగొట్టి కొత్తది లేచేదాకా అద్దె ఇంట్లో తలదాచుకున్నవాళ్లకు ఆ సామెత లోతు తెలుసు. మంచాలూ బీరువాలూ ఒక్క పూటలో బండెక్కిపోతాయి. ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం ఉంటే మాత్రం అదొక్కటే ఊరిని మోసినంత పని. నీళ్లు డబ్బాలకు పట్టాలి, చేపలను బకెట్లలోకి దించాలి, గాలి బుడగలు ఆగకుండా చూడాలి. ఇంతా చేసి, ఆ తొట్టె ప్రాణం చేపల్లో లేదు. ఫిల్టరులోని మురికి స్పాంజినీ, రాళ్ల చిల్లులనూ పట్టుకుని బతికే బ్యాక్టీరియాలో ఉంది. చేపలు వదిలే అమ్మోనియా విషాన్ని నైట్రైటుగా, దాన్ని నైట్రేటుగా మార్చేవి అవే. తెలిసినవాళ్లు ఆ స్పాంజిని కుళాయి కింద కడగరు, ఎండనివ్వరు. తొట్టె నీళ్లలోనే ముంచి పట్టుకెళ్తారు.

పగడాలు ఇంకా సున్నితం. వాటి ఒంట్లో నాచుజాతి సూక్ష్మజీవులు కాపురముంటాయి. ఎండతో తిండి వండి, అందులో చాలా భాగం ఇంటి యజమానికే అద్దెగా చెల్లిస్తాయి. నీళ్లు కొద్దిపాటి డిగ్రీలు వేడెక్కి అలాగే ఉంటే ఆ కాపురం చెదిరిపోతుంది, పగడం తెల్లబోతుంది. మన దేశంలో గట్టి పగడాలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో, అంటే పులి సరసన, చేర్చారు. కాబట్టి పగడాల పెంపకం ఇంట్లో తీర్చుకునే ముచ్చట కాదు.

అయినా మనకు గాజు తొట్టె దేనికి? ఒక్క శ్రీకాకుళం జిల్లాకే 190 కిలోమీటర్ల పైచిలుకు తీరం ఉంది. మహేంద్రతనయ, వంశధార, నాగావళి నదులు అక్కడే సముద్రాన్ని చేరతాయి. విజయనగరం వాటా చిన్నదే గానీ చంపావతి కలిసే కోనాడ ఒకటి చాలు చూడ్డానికి. ఈ ఒడ్డున ఏటా చలి వెనకబట్టే రోజుల్లో సముద్రం తన పిల్లలను అద్దె ఇంటికి పంపుతుంది.

ఆలివ్ రిడ్లే తాబేలు రాత్రిపూట ఒడ్డెక్కుతుంది. నలభై కిలోల ఒళ్లు, నీళ్లలో తేలిక, ఇసుకలో మహా బరువు. వెనక కాళ్లతోనే, చూడకుండానే, కూజా ఆకారంలో మూరెడు లోతు గొయ్యి తవ్వుతుంది. నిమ్మకాయంత తెల్లటి గుడ్లు వందకు పైగా పెడుతుంది. పెడుతున్నంతసేపూ కళ్ల నుంచి నీళ్లు కారతాయి. అది ఏడుపు కాదు, ఒంట్లో ఎక్కువైన ఉప్పును బయటికి పంపే ఏర్పాటు. గొయ్యి పూడ్చాక ఒళ్లంతా అటూ ఇటూ ఊపుతూ ఇసుకను అదిమి గట్టిపరుస్తుంది. కొత్త ఇంటి నేలకు దిమ్మిస కొట్టే మేస్త్రీలా. ఆపైన వెనక్కి తిరిగి చూడదు.

సరిహద్దు దాటి ఒడిశాలోని గంజాం వైపు వెళితే ఋషికుల్య నది ముఖద్వారంలో ఇవి మంచి ఏడాదిలో లక్షల్లో దిగుతాయి. మన వైపు ఒంటరిగా, ఒక్కొక్కటిగా వస్తాయి. ఒంటరి గూడును వాసన పట్టడం కుక్కలకూ నక్కలకూ తేలిక. అందుకే తెల్లారేలోపు కాపలా మనుషులు చక్రాల గుర్తుల్లాంటి ఆ జాడ పట్టుకుని వెళ్లి, గుడ్లు తీసి, వల కట్టిన హేచరీకి మారుస్తారు.

ఇక్కడే ఉంది చేతి విద్యంతా. కోడి తన గుడ్లను రోజూ దొర్లిస్తుంది. తాబేలు గుడ్డును దొర్లిస్తే చచ్చిపోతుంది. పెట్టిన కొద్ది గంటలకే పిండం పెంకు పైభాగాన్ని పట్టుకుంటుంది. తలకిందులైతే ఆ పట్టు ఊడుతుంది. కనుక గుడ్డు ఏ వైపు పైకి ఉందో ఆ వైపే పైకి ఉండాలి, తల్లి తవ్విన లోతే తవ్వాలి, గొయ్యి కూడా కూజాలాగే ఉండాలి. ఇసుక వేడి ఇంకో లెక్క. ఈ పిల్లల్లో ఆడా మగా తేల్చేది ఇసుకే: 29 డిగ్రీలకు అటూ ఇటూగా ఓ గీత ఉంది, దాని కింద మగవి ఎక్కువ, పైన ఆడవి. కొన్నిచోట్ల హేచరీ మీద నీడ పందిరి వేసేది అందుకే. 45 నుంచి 60 రోజుల ఈ అద్దె కాపురంలో ఏ ఇటుకా మారకూడదు. అక్వేరియం మోసేవాళ్లు స్పాంజిని తడిగా ఉంచినట్టే, ఇక్కడా కంటికి కనబడనిదే పదిలంగా మోయాలి.

తాబేళ్ల సొంత ఇంటి సంగతేమిటంటే, అక్కడ పెద్ద కట్టుబడి నడుస్తోంది. ఇదే శ్రీకాకుళం తీరాన మూలపేట దగ్గర ఓడరేవుకు 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన అయింది. వలస పోయే మన కుర్రాళ్లకు పని దొరకాలి, అందులో పేచీ లేదు. కానీ తూర్పు తీరంలో ఇసుక ఏడాది మొత్తమ్మీద దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. సముద్రంలోకి అడ్డుగోడ కడితే దక్షిణాన ఇసుక మేట వేస్తుంది, ఉత్తరపు ఒడ్డు కోసుకుపోతుంది. విశాఖ బీచి చూసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. గుడ్లు పెట్టేది ఆ ఇసుకలోనే. పైగా దీపాలు. పిల్లలు రాత్రి ఇసుక చల్లబడ్డాక అందరూ ఒక్కసారే పైకి తోసుకొచ్చి, వెలుగు ఎటు ఉంటే అటు పోతాయి. వేల ఏళ్లుగా ఆ వెలుగు సముద్రానిదే. ఇప్పుడది రోడ్డుది కూడా.

హేచరీ పిల్లలను నేరుగా నీళ్లలో వేయరు. ఒడ్డున వదిలి, అవే పాకి వెళ్లేలా చూస్తారు. పదిహేను, ఇరవై గ్రాముల ఒళ్లుతో చేసే గృహప్రవేశం అది. బతికిన ఆడది గుడ్లు పెట్టే ఈడుకు రావాలంటే పదేళ్లకు పైనే పడుతుంది.

జనవరి నుంచి మార్చి దాకా బారువ, భావనపాడు, కళింగపట్నం, కోనాడ ఒడ్డున రాత్రి నడిస్తే ఫోను లైటు ఆపేయండి. తాబేలు కనబడితే దూరంగా, దాని వెనక వైపు నిలబడండి. గుడ్లు కనబడితే అటవీ శాఖకు చెప్పండి. మీ చేత్తో మాత్రం తీయకండి.