ఫోను ఎవరి మాట వింటోంది?

బల్ల మీద పెట్టి ముట్టుకోకుండా వదిలేసిన స్మార్ట్‌ఫోను ఏం చేస్తుంటుందో డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీ ఆచార్యుడు డగ్లస్ లీత్ 2021లో కొలిచి చూశారు. ఆండ్రాయిడైనా ఐఫోనైనా, ఎవరూ వాడకపోయినా, సగటున నాలుగున్నర నిమిషాలకోసారి తన కంపెనీ సర్వర్లతో మాట్లాడుతూనే ఉంది. ఐఎంఈఐ నంబరు, సిమ్ వివరాలు, ఫోన్ నంబరు వెళ్తున్నాయి. ‘నా వాడకం వివరాలు పంపొద్దు’ అని సెట్టింగుల్లో ఆపేశాక కూడా ఆగలేదు. లీత్ లెక్కగట్టిన తీరును గూగుల్ తప్పుపట్టింది. స్మార్ట్‌ఫోన్లు పనిచేసే పద్ధతే ఇదని కూడా చెప్పింది. నా పేచీ ఆ రెండో మాటతోనే. ఇదంతా లేకుండానే చక్కగా నడిచే ఫోన్లున్నాయి.

వాటి దారులు వేరువేరు. ప్యూరిజం కంపెనీ లిబ్రెమ్ 5 ఫోనుకి పక్కన మూడు చిన్న స్విచ్చులుంటాయి. ఒకటి నొక్కితే కెమెరా, మైకు ఆగిపోతాయి. సాఫ్ట్‌వేర్ ఏమనుకున్నా సరే, కరెంటే అందదు. నేను వాడుతున్నది మాత్రం గ్రాఫీన్ ఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టం. 2014లో కెనడాకు చెందిన డేనియల్ మికే మొదలుపెట్టిన పని, 2019లో ఈ పేరు పెట్టుకుంది. గూగుల్ తయారుచేసే పిక్సెల్ ఫోన్ల మీదే ఇది నడుస్తుంది. గూగుల్‌ని దూరం పెట్టడానికి గూగుల్ ఫోనేమిటని చాలామంది అడుగుతారు. ఫోనులో వేరే ఓఎస్ వేసుకున్నాక కూడా దాన్ని మళ్లీ గట్టిగా తాళం వేసుకోనిచ్చే ఫోన్లు చాలా తక్కువ. పిక్సెల్ వాటిలో ఒకటి. ఎన్‌క్రిప్షన్ తాళంచెవులు దాచే చిప్పు కూడా అందులో విడిగా ఉంటుంది.

ఆండ్రాయిడ్, గూగుల్ ఒకటి కావు. అడుగున ఉండే ఆండ్రాయిడ్ సోర్స్ కోడ్‌ని ఎవరైనా తీసుకోవచ్చు. దాని మీద గూగుల్ ప్లే సర్వీసెస్ అనే పొర కూర్చుంటుంది. మిగతా యాప్‌లకు లేని అధికారాలు దానికుంటాయి, తీసేద్దామన్నా పోదు. గ్రాఫీన్ ఓఎస్ అడుగు పొరను మాత్రమే తీసుకుని బిగించింది. ప్లే సర్వీసెస్ కావాలంటే వేసుకోవచ్చు గానీ, అది అన్ని యాప్‌లలో ఒక యాప్. అనుమతి అడగాలి, మనం ఇస్తేనే తీసుకోవాలి.

అనుమతుల దగ్గరే ఈ ఫోను విలువ తెలుస్తుంది. 2020 చివర్లో హైదరాబాద్‌లో లోన్ యాప్‌ల మీద కేసులు, అరెస్టులు గుర్తుండే ఉంటాయి. అప్పు తీసుకునేటప్పుడు యాప్ కాంటాక్టుల అనుమతి అడిగేది, ఇవ్వకపోతే ముందుకు కదిలేది కాదు. వాయిదా తప్పగానే ఆ జాబితాలోని అత్తగారికీ ఆఫీసువాళ్లకీ ఫోన్లు వెళ్లేవి. ఆ అవమానం తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. అక్కడ బాధితుడి ముందున్నవి రెండే బటన్లు: ఇవ్వు, ఇవ్వకు. గ్రాఫీన్ ఓఎస్‌లో మూడోది ఉంది, కాంటాక్ట్ స్కోప్స్. అది నొక్కితే అనుమతి దొరికిందనే యాప్ అనుకుంటుంది, కానీ దానికి కనబడేది ఖాళీ జాబితా. ఒక్క పేరు చూపించాలనుకుంటే ఆ ఒక్కటే చూపించవచ్చు. ఫొటోలకీ ఫైళ్లకీ ఇలాంటిదే ఉంది. ఇంటర్నెట్ కూడా యాప్ వారీగా అనుమతే. తెలుగు టైపు చేసే కీబోర్డుకి ఇంటర్నెట్ తీసేస్తే, అది తన దారిన నెట్ లేదనుకుని అక్షరాలు పేర్చుకుంటూ కూర్చుంటుంది. నేను ఈ ఫోను మార్చకపోవడానికి ఆ ఒక్క మీట చాలు.

ఇబ్బందులూ ఉన్నాయి. మొదట తగిలేది లొకేషన్. జీపీఎస్ ఉపగ్రహాలు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ, తామెక్కడున్నదీ సమయమెంతైనదీ ప్రసారం చేస్తుంటాయి. మనమెక్కడున్నామో వాటికి తెలియదు, ఫోను వినడం తప్ప బదులు చెప్పదు. ఆ ప్రసారం వేగం సెకనుకు 50 బిట్లు. ఒక ఉపగ్రహం తన కక్ష్య వివరాలు చెప్పడానికే అర నిమిషం పడుతుంది. మధ్యలో భవనం అడ్డొస్తే మళ్లీ మొదటికొస్తుంది. మరి మామూలు ఫోను ఇంట్లో కూర్చోగానే మ్యాపులో నీలం చుక్క ఎలా చూపిస్తుంది? చుట్టుపక్కల వైఫై రూటర్ల జాబితా గూగుల్‌కి పంపి, ‘ఈ రూటర్లున్నది ఎక్కడ’ అని అడుగుతుంది. వైఫై ఆపేసినా ఈ వెతుకులాట సాగేలా వేరే సెట్టింగు కూడా ఉంటుంది, చాలామంది దాన్ని చూసి ఉండరు. గ్రాఫీన్ ఓఎస్‌లో ఈ పద్ధతి మనం పెట్టుకుంటేనే ఉంటుంది. పెట్టుకోకపోతే, ఆటో బుక్ చేయాలంటే బాల్కనీలోకి వచ్చి ఆకాశం కింద కాసేపు నిలబడాలి.

రెండోది మెసేజులు ఆలస్యంగా రావడం. మామూలు ఆండ్రాయిడ్‌లో అన్ని యాప్‌ల నోటిఫికేషన్లకీ గూగుల్ సర్వరుతో ఒకే లైను తెరిచి ఉంటుంది, బ్యాటరీ ఆదా కోసం. ప్లే సర్వీసెస్ లేకపోతే ప్రతి యాప్ తన లైను తానే పట్టుకోవాలి. సిగ్నల్ లాంటి మెసేజింగ్ యాప్‌లు ఆ పని చేసుకుంటాయి, ఛార్జింగ్ కాస్త ఎక్కువ తింటాయి. చాలా యాప్‌లు తెరిచేదాకా నిద్రపోతాయి. ఆ ఒకే లైనుకు ఇంకో ముఖం ఉంది. నోటిఫికేషన్ల వివరాలు ఇవ్వమని ప్రభుత్వాలు గూగుల్‌నీ యాపిల్‌నీ అడుగుతున్నాయని 2023 డిసెంబరులో అమెరికా సెనేటర్ రాన్ వైడెన్ బయటపెట్టారు.

ఏ ఓఎస్ వేసినా సెల్ టవర్‌కి మాత్రం మనం కనబడుతూనే ఉంటాం. కాల్ రావాలంటే ఫోను ఏ టవర్ కింద ఉందో నెట్‌వర్క్‌కి తెలియాలి. అలాగే ఫేస్‌బుక్‌లో మనమే రాసి పెట్టినదాన్ని ఏ ఫోనూ దాచలేదు.

వీటన్నిటితో సర్దుకుపోవచ్చు. సర్దుకోలేనిది బ్యాంకుల తీరు. యూపీఐ మొదటిసారి పెట్టుకునేటప్పుడు ఫోను నుంచి ఒక ఎస్సెమ్మెస్ వెళ్లి ఫోనునీ సిమ్మునీ ముడివేస్తుంది. ఇది ఏ ఫోనులోనైనా జరుగుతుంది. దీనికి తోడు కొన్ని యాప్‌లు ప్లే ఇంటెగ్రిటీ పరీక్ష పెడతాయి. ఈ ఫోను గూగుల్ ఆమోదించిన సాఫ్ట్‌వేర్‌తో నడుస్తోందా అన్నదే అందులో ప్రధానమైన ప్రశ్న. భద్రంగా ఉందా అన్నది వేరే ప్రశ్న. అప్‌డేట్లు ఆగిపోయి ఏళ్లయిన పాత ఫోను ఆ పరీక్షలో మామూలు మెట్టు దాటగలదు, నిన్నటి అప్‌డేట్ వేసుకున్న గ్రాఫీన్ ఓఎస్ ఫోను దాటలేదు. అందుకే ఒక బ్యాంకు యాప్ ఏ పేచీ లేకుండా తెరుచుకుంటుంది, ఇంకొకటి ‘మీ ఫోను సురక్షితం కాదు’ అని మూసుకుపోతుంది. స్మార్ట్‌ఫోన్ లేనివాళ్ల కోసం రిజర్వు బ్యాంకు 2022 మార్చిలో యూపీఐ 123పే తెచ్చింది. బటన్ ఫోనుతో డబ్బు పంపనిచ్చిన దేశంలో, భద్రత కోసమే బిగించుకున్న ఫోనును గుమ్మంలోనే ఆపేయడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ఈ ఫోనును ఒప్పుకోవడానికి సాంకేతికంగా అడ్డేమీ లేదు. ఫోనులో ఏ ఓఎస్ ఉందో, అది చెక్కుచెదరకుండా ఉందో లేదో చిప్పే సంతకం చేసి చెప్పే ఏర్పాటు ఆండ్రాయిడ్‌లో ఇప్పటికే ఉంది. దాన్ని హార్డ్‌వేర్ అటెస్టేషన్ అంటారు. గూగుల్‌ని అడగకుండా బ్యాంకు నేరుగా ఆ సంతకం చూసుకోవచ్చు. ఏ తాళంచెవులతో సరిచూసుకోవాలో గ్రాఫీన్ ఓఎస్ వాళ్లు అందరికీ కనబడేలా పెట్టారు. మన బ్యాంకుల యాప్‌లు రాసే ఇంజనీర్లకు ఇది పెద్ద పనేమీ కాదు. ఖాతాదారులు కస్టమర్ కేర్‌కి రాసేటప్పుడు ‘యాప్ తెరుచుకోవట్లేదు’ అని ఊరుకోకుండా, హార్డ్‌వేర్ అటెస్టేషన్ ఒప్పుకోండని పేరు పెట్టి అడగాలి.